డబ్బా అడుగున రెండు పేర్లు

ఇకమీదట ఈ ఆఫీసులో ఎవరి సీటూ ఎవరిదీ కాదని, ముందొచ్చినవాళ్ళు ఎక్కడైనా కూర్చోవచ్చని హెచ్చార్ వాళ్ళు మెయిల్ పంపారు. హైటెక్ సిటీలోని ఆ ఐదో అంతస్తులో అందరితో పాటు ఆదర్శ్ కూడా దాన్ని చదివాడు. చదివి, కిటికీ పక్కనున్న తన కుర్చీలో హాయిగా వెనక్కి వాలి, మంచి నిర్ణయమే, మిగతావాళ్ళకి బుద్ధొస్తుంది అనుకున్నాడు.

రెండేళ్ళుగా ఆ కుర్చీ అతనిదే. వీపు దగ్గర అతని జర్కిన్, ఎదురుగా అతని మగ్గు, మగ్గులో అతని పెన్నులు. అందుకే జులైలో ఒక సోమవారం పొద్దున వానలో సగం తడిసి వచ్చేసరికి, ఎవరో అమ్మాయి ఆ కుర్చీలో బాసింపట్టు వేసుకుని చాయ్ తాగుతూ కనిపిస్తే, తప్పు అంతస్తుకి వచ్చానేమోనని ఒకసారి చుట్టూ చూసుకున్నాడు. జర్కిన్ని చక్కగా మడతపెట్టి పక్క కుర్చీలో పెట్టేసింది కూడా.

"ఎక్స్‌క్యూజ్ మీ. ఇది నా కుర్చీ అండి."

ఆ అమ్మాయి వంగి కుర్చీ కింద చూసింది, వెనక చూసింది. "కొన్నరా?"

"కొనడమేంటండి?"

"పోనీ కిరాయికి తీసుకున్నరా?"

"రెండేళ్ళుగా నేను ఇక్కడే కూర్చుంటున్నాను."

"రెండేండ్లు ఒకటే బస్సుల ఒకటే సీట్ల కూసుంటె బస్సు మీదైతదా?"

పక్క వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆదర్శ్ గట్టి జవాబు కోసం వెతుక్కుంటుండగా మేనేజర్ వినయ్ వచ్చిపడ్డాడు.

"ఓ, పరిచయమైపోయిందా! ఆదర్శ్, ఈమె యశస్విని, మన కొత్త టర్కిష్ లింగ్విస్ట్. యశస్విని, ఇతను ఆదర్శ్, ఇంగ్లీష్ చూస్తాడు. ఇజ్మీర్ క్లయింట్ ప్రాజెక్ట్ మీ ఇద్దరిదే. ఓనర్‌షిప్ తీసుకోండి."

వినయ్‌కి ఓనర్‌షిప్ అనే మాటంటే ప్రాణం. కాఫీ మెషిన్ చెడిపోయినా, మీటింగ్ రూములో ఏసీ నీళ్ళు కారినా ఎవరైనా ఓనర్‌షిప్ తీసుకోండి అంటాడు. తను మాత్రం ఇంతవరకు ఏదీ తీసుకోలేదు.

ఆ ప్రాజెక్ట్ చూడ్డానికి చిన్నదే. టర్కీలో ఒక కంపెనీ అపార్ట్‌మెంట్లను నడిపించే యాప్ తయారుచేసింది. ఫ్లాట్ ఎవరిది, కిరాయికి ఎవరున్నారు, పార్కింగ్ ఎవరికి చెందుతుంది, మేడ మీద ఎండబెట్టిన కార్పెట్ ఎవరిది అని రోజూ జరిగే తగువులన్నీ అందులోనే తేలతాయి. దాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చాలి. ముందుగా సొంతం, చెందడం, ఉండడం అనే అర్థాలొచ్చే మాటలు అరవై ఏరి, టర్కిష్ మాటకి ఎదురుగా ఇంగ్లీష్ మాట పెట్టి, ఒక్కోదానికి ఒక ఉదాహరణ రాయాలి.

"సింపుల్," అన్నాడు వినయ్.

మొదటి మాట దగ్గరే రెండు గంటలు పట్టింది.

"హ్యావ్‌కి టర్కిష్‌లో ఏమంటారు?" అడిగాడు ఆదర్శ్.

"ఏమనరు. వాళ్ళ దగ్గర ఆ మాటనే లేదు."

"అదేంటండీ! అంత పెద్ద భాషలో హ్యావ్ లేదా?"

"మన తెలుగుల ఉన్నదా?"

ఆదర్శ్ షీట్‌లో కలిగియుండు అని టైప్ చేశాడు.

"నాకు తమ్ముడున్నడు అంటం. నేను తమ్ముణ్ణి కలిగియున్నాను అంటమా? అంటె దవాఖానకు తీస్కపోతరు. వాళ్ళు గూడ గంతే. కారుంటె, నా కారు ఉంది అంటరు. ఉంటె ఉన్నట్టు, లేకుంటె లేనట్టు. చేతుల పట్టుకున్నట్టు చెప్పుడు ఇంగ్లీషోళ్ళకే అలవాటు."

"ఇంగ్లీష్‌ని అలా తీసిపారేయకండి. ఓన్ వేరు, బిలాంగ్ వేరు. కాగితం మీద నాదైతే ఓన్. మనసుకి మనదనిపిస్తే బిలాంగ్."

"మరి కుర్చీ ఏది?"

ఆదర్శ్‌కి ఒళ్ళు మండింది. మండుతూనే నవ్వొచ్చింది. ఆ రెండూ ఒకేసారి రావడం అతనికి అదే మొదటిసారి.

వారం గడిచేసరికి మీరు కాస్తా నువ్వు అయింది. ఆమెది ఖాజాగూడ. తాతల నాటి నుంచి అక్కడే. నాయినమ్మ బుచ్చమ్మ ఇంట్లో మాట్లాడే మాటల్లో సగం టర్కిష్ క్లాసులో వినపడేసరికి ఆ భాష మీద ప్రేమ పుట్టిందట.

"కిరా అంటె మన కిరాయే. ముల్క్ అంటె ఆస్తి. ఫికిర్ అంటె మాత్రం వాళ్ళకు ఆలోచన, మనకు పరేషాన్."

"ఆలోచన మొదలైతే పరేషానే కదా," అన్నాడు ఆదర్శ్.

"ఇగ ఎవ్ సాహిబి అంటె ఇంటి ఓనర్. ఇంటికి వచ్చినోళ్ళను కూసోబెట్టి అన్నం పెట్టెటోడు గూడ ఎవ్ సాహిబియే."

"ఆ రెండో రకం ఓనర్ని మేమెప్పుడూ చూడలేదు. ఇరవై ఏళ్ళలో ఏడు ఇళ్ళు మారాం. గోడకి మేకు కొడితే పైనుంచి దిగొచ్చేవాళ్ళే అందరూ."

ఆదర్శ్ తండ్రి యజ్ఞనారాయణది గవర్నమెంటు ఉద్యోగం. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి ప్రగతి నగర్‌లో స్థిరపడ్డారు. స్థిరపడడమంటే ఆ కాలనీలోనే ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారుతూ ఉండడం. గోడలు తమవి కావు కాబట్టి తల్లి రత్నమాల తన ప్రతాపమంతా గిన్నెల మీద చూపిస్తుంది. వాళ్ళింట్లో పేరు వేయించని చెంచా లేదు. ఇల్లు మారిన ప్రతిసారీ ఆమె లెక్కచూసేది గిన్నెలే.

అది విని యశస్విని కిటికీలోంచి దూరంగా నీలం అద్దాల టవరొకటి చూపించింది. "అదేందో తెలుసా?"

"బ్యాంకు కదా?"

"మా జొన్న చేను. అమ్మి పదిహేనేండ్లయింది. ఇయ్యాల్టికి గూడ మా బాపు పొద్దున పోయి చుట్టూ తిరిగొస్తడు. వాన పడితె సెక్యూరిటోళ్ళతోని కొట్లాడతడు, నీళ్ళు పొయ్యే తొవ్వకు అడ్డంగ కార్లు పెట్టిన్రని. కాగితం మీద అది ఆయనది కాదు. నీ లెక్కల అది ఓనా, బిలాంగా?"

ఆదర్శ్ ఆ టవర్ వైపు చూస్తున్న ఆమె ముఖాన్ని చూస్తూ ఉండిపోయాడు. తనకి ఈ అమ్మాయంటే ఇష్టమని అతనికి అప్పుడే, ఏ సందేహం లేకుండా తెలిసిపోయింది. మర్నాటి నుంచి ఎనిమిదిన్నరకే ఆఫీసుకు వస్తున్నాడు. వచ్చి పక్క కుర్చీలో కూర్చుని, కిటికీ కుర్చీ వైపు ఎవరైనా వస్తే "అక్కడ మనిషున్నారండీ" అంటున్నాడు. తన ఇష్టాన్ని ఆమెతో చెప్పడం ఒక్కటి తప్ప, అందరికీ అర్థమయ్యేటట్టు ప్రవర్తిస్తున్నాడన్నమాట.

యాభైతొమ్మిది మాటలు తేలాయి. నలభై ఒకటో వరుస మాత్రం మిగిలింది. సాహిప్ చిక్‌మాక్.

"ఓన్ అని పెట్టేద్దాం," అన్నాడు ఆదర్శ్.

"కాదు."

"టేక్ కేర్?"

"అది సగమే. పుస్తకాలల్ల దొరకదులే గిది. ఎప్పుడో ఒకనాడు నీకే అర్థమైతది."

ఒకరోజు ఆమె స్టీలు డబ్బా తెరిచి అతని ముందు పెట్టింది.

"ఓహ్, తపేలా చెక్క!"

"సర్వపిండి."

"మా అమ్మ చేస్తుంది. తపేలా చెక్కే ఇది."

"మా నాయినమ్మ చేసింది. సర్వపిండే ఇది. వేరే పేరు పెడితె వాపస్ ఇచ్చెయ్."

ఆదర్శ్ తక్షణం పేరు మార్చుకుని నాలుగు ముక్కలు తిన్నాడు. మిగిలినవి ఇంటికి పట్టుకెళ్ళమని ఆమె డబ్బాతో సహా ఇచ్చింది. ఇక్కడి నుంచే అసలు కథ తిరగబడింది.

ఇంటి దగ్గర రత్నమాల సర్వపిండి తిని మెచ్చుకుంది. డబ్బా కడిగి, అటూ ఇటూ తిప్పి చూసి హతాశురాలైంది.

"పేరేదిరా దీని మీద?"

"వాళ్ళు వేయించుకోరేమో అమ్మా."

"పేరు లేని డబ్బా ఎవరింట్లో ఉంటే వాళ్ళదే అయిపోతుంది. పాపం, ఎంత మంచి గేజు! ఆ అమ్మాయి పేరేంటన్నావు?"

ఎనిమిదో ఇంటికి మారే ముందు కొత్త గిన్నెలకి పేర్లు వేయించే పని ఎలాగూ ఉంది. రత్నమాల వాటితో పాటు ఈ డబ్బాని కూడా స్టీలు కొట్టుకి మోసుకెళ్ళి, టిఫిను బాక్సులకి ఆదర్శ్ అని, ఈ డబ్బాకి యశస్విని అని చీటీ రాసిచ్చింది. అది శ్రావణమాసం. ఆ కొట్టతను పొద్దుటి నుంచి పెళ్ళి డబ్బాల మీద వధూవరుల పేర్లు చెక్కీ చెక్కీ ఉన్నాడు. చీటీలో ఒక అబ్బాయి పేరు, ఒక అమ్మాయి పేరు కనబడ్డాయి. ఇంకేం ఆలోచిస్తాడు? డబ్బా బోర్లించి, మిషన్ తీసుకుని, రెండు పేర్లూ జంటగా కొట్టి, అటొక పువ్వు, ఇటొక పువ్వు కూడా వేశాడు.

రత్నమాల కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది. వచ్చి డబ్బా నిండా సున్నుండలు పెట్టి గుడ్డసంచిలో వేసి ఇచ్చింది. ఆదర్శ్ సంచి తెరవకుండానే యశస్వినికి అందించాడు. ఆమె అలాగే ఖాజాగూడ తీసుకెళ్ళింది. మూడో రోజుకి సున్నుండలు అయిపోయాయి. బుచ్చమ్మ డబ్బా కడిగి బోర్లించింది.

ఆ మర్నాడు పొద్దున ఎనిమిదీ నలభైకి ఆ డబ్బా ఆదర్శ్ ముందు టేబుల్ మీద ఠంగుమని పడింది.

"ఏంది ఇది?"

ఆదర్శ్ అడుగు తిప్పి చదివాడు. మళ్ళీ చదివాడు. పువ్వులు కూడా చూశాడు. లోపల ఎక్కడో భలే సంతోషమేసింది. పైకి మాత్రం చెమట పట్టింది.

"కుర్చీ నాదన్నవు, సరే అనుకున్న. ఇగ నేను గూడ నీదాన్నేనా? పేరు కొట్టిస్తివి! మా నాయినమ్మకు చదువు రాదు, జర దీని కింద ఏం రాసుందో చూడు అని బాపుకిచ్చింది. ఆయన గట్టిగ చదివిండు. పదినిమిషాలల్ల గల్లీ మొత్తం తెలిసింది. ఇంత జరిగినా నాకెందుకు చెప్పలేదని బాపు నాతోని మాట్లాడుతలేడు."

"యశస్వినీ, ఒక్క నిమిషం," అంటూ ఆదర్శ్ తల్లికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"రెండు పేర్లూ కొట్టేశాడా?" అంది ఫోన్లో రత్నమాల. "అయ్యో నా తల్లీ! ఆ అమ్మాయి పేరొక్కటే కొట్టమన్నాను కదరా! అతని మతిమరుపు తగలెయ్య. పువ్వులు బాగా వచ్చాయా?"

ఆదర్శ్ ఫోన్ కట్ చేశాడు. "విన్నావుగా? షాపతని పొరపాటు. నేను చూడనైనా లేదు. ఒట్టు. నాకేం సంబంధం లేదు."

యశస్విని కాసేపు అతని ముఖంలోకి చూసింది. కోపం తగ్గుతున్నట్టే కనిపించింది. "గంతేనా?"

"అంతే. నిజంగా నాకేం సంబంధం లేదు దీనితో."

"సరే," అని ఆమె డబ్బా సంచిలో పెట్టుకుంది.

ఆ సరే విన్నాక ఆదర్శ్ హమ్మయ్య అనుకున్నాడంటే, ఇంగ్లీష్ మాటల్లో ఎంత తేడా పట్టేవాడైనా తెలుగులో అమాయకుడే అని మనం ఒప్పుకోవాలి.

ఆ సాయంత్రమే వినయ్ వచ్చి చల్లగా చెప్పాడు. గురువారం క్లయింట్ కాల్ అయిపోగానే తనని వేరే ప్రాజెక్టులోకి మార్చమని యశస్విని అడిగిందట. సోమవారం నుంచి వేరే బిల్డింగ్. ఆదర్శ్ పంపిన మెసేజ్‌లు పదకొండింటికీ ఒకటే జవాబు వచ్చింది: "నాకేం సంబంధం లేదు."

నిజం చెప్పాను కదా, ఇంకా ఎందుకు కోపం? రెండు రోజులు అతనికి అదే ఫికర్. అన్నం సయించలేదు. ఆమె ఆఫీసుకి రాకపోయినా పొద్దున్నే వచ్చి ఖాళీ కుర్చీని కాపలా కాశాడు.

గురువారం కుండపోత వాన. ఎవరూ బయటికి రావొద్దు, ఇంటి నుంచే పని చేయండి అని అన్ని ఆఫీసులూ చెప్పేశాయి. మధ్యాహ్నం కాల్ మొదలైంది. తెరమీద వినయ్, ఆదర్శ్, ఇజ్మీర్ నుంచి క్లయింట్ నెర్మిన్ హానిమ్, అంటే నెర్మిన్ గారు. ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి, వెనకాల అలమార నిండా పుస్తకాలు. యశస్విని గడి మాత్రం నల్లగా ఉంది. కెమెరా ఆపేసింది.

"అన్నీ బాగున్నాయి. నలభై ఒకటి ఖాళీగా ఉందేం?" ఇంగ్లీష్‌లో అడిగింది నెర్మిన్ హానిమ్.

"ఓన్ అని రాయవచ్చా అండి?" అన్నాడు ఆదర్శ్.

"కాదు బాబూ. మా వీధిలో ఒక ముసలి దర్జీ ఉండేవాడు. జబ్బు చేసి కొట్టు మూసేశాడు. వీధంతా కలిసి ఆ కొట్టుకి సాహిప్ చిక్‌మాక్ చేసింది. ఎవరూ దాన్ని కొనలేదు. వంతులు వేసుకుని తెరిచారు, అంతే. ముందుకొచ్చి, ఇది నాది, దీని మంచిచెడ్డలు నావి అని నలుగురిలో నిలబడడం. కాగితం ఉన్నా లేకపోయినా. యశస్విని, ఒక ఉదాహరణ చెప్పమ్మా."

నల్ల గడిలోంచి గొంతు వచ్చింది. "ఒకతను ఒక డబ్బా మీద తన పేరు చూశాడు మేడమ్. పక్కన ఇంకో పేరు కూడా ఉంది. చూసి, దీనితో నాకేం సంబంధం లేదు అన్నాడు. రెండుసార్లు అన్నాడు. అతను సాహిప్ చిక్‌మాక్ చెయ్యలేదు."

"చాలా బాగుంది!" అంది నెర్మిన్ హానిమ్.

"సూపర్ ఎగ్జాంపుల్ యశస్విని. షీట్‌లో పెట్టేయ్," అన్నాడు వినయ్.

ఆదర్శ్ చెవులు ఎర్రబడ్డాయి. రెండు రోజులుగా అంతుపట్టనిది ఒక్కసారిగా తెలిసింది. పేరు కొట్టించినందుకు కాదు ఆమెకి కోపం. అది తనది కాదన్నందుకు. ఆమె గంతేనా అని అడిగినప్పుడు, నోటిదాకా వచ్చిన ఇష్టాన్ని భయపడి మింగేసి, సంబంధం లేదన్నాడు.

"మేడమ్," అన్నాడు గొంతు సవరించుకుని, "అతను ఆలస్యంగా చేస్తే కుదురుతుందా?"

నెర్మిన్ హానిమ్ కళ్ళజోడు తీసి అతన్ని పరీక్షగా చూసింది. "చేస్తే కుదురుతుంది. అడుగుతూ కూర్చుంటే కుదరదు."

ఆదర్శ్ లాప్‌టాప్ మూసేశాడు. "హలో? ఆదర్శ్? ఎవరు ఓనర్‌షిప్..." అంటున్న వినయ్ మధ్యలోనే మాయమయ్యాడు.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో రత్నమాల చీర మార్చుకుని, గొడుగు పట్టుకుని, చంకలో సంచితో తయారుగా ఉంది.

"ఎక్కడికమ్మా?"

"నువ్వెక్కడికో అక్కడికే. గిన్నె విషయం నేను చూసుకోవాలి. కొత్త డబ్బా కొన్నాను, ఆ పిల్ల పేరొక్కటే వేయించాను. మార్చి ఇచ్చేసి, తప్పైందని చెప్పొస్తాను."

"అమ్మా, నేను వెళ్ళేది డబ్బా మార్చడానికి కాదు. నాకు ఆ అమ్మాయంటే ఇష్టం."

"తెలుసురా. నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఎవరి గిన్నె వాళ్ళకి గుర్తుపెట్టుకుని తిరిగి ఇచ్చింది ఈ ఒక్క డబ్బానే. పద, చీకటి పడేలోపు చేరాలి."

ప్రేమ విషయం చెప్పుకోవడానికి అమ్మని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళినవాడు ఆ ఐటీ కారిడార్ మొత్తం మీద ఆ రోజు ఆదర్శ్ ఒక్కడే అయ్యుంటాడు. కొత్తగూడ దాటేసరికి గొడుగు తిరగబడింది. గచ్చిబౌలి దగ్గర మోకాలి లోతు నీళ్ళలో స్కూటర్ ఆగిపోయింది. అక్కడి నుంచి అతను తోస్తుంటే, రత్నమాల సంచి నెత్తిన పెట్టుకుని "కుడికి, కుడికి" అంటూ దారి చూపించింది.

ఖాజాగూడలో రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న పెంకుటింటి ముందు బుచ్చమ్మ నిలబడి ఉంది. తడిసి ముద్దైన ఇద్దర్ని చూసి కళ్ళు చికిలించింది. "ఎవలు?"

"ఆదర్శ్ అండి."

"డబ్బా పిలగానివా?"

"అవునండి."

బుచ్చమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమయ్యా, పొరపాటాయెనంట కదా? నేను గల్లీ గల్లీ తిరిగి, మనుమరాలికి సంబంధం కుదిరిందని చెప్పొచ్చిన. అందరికీ మిఠాయి బాకీ ఉన్న. ఇప్పుడు కాదంటె నా ముఖం ఏడ పెట్టుకోవాలె?"

లోపల్నుంచి యశస్విని తండ్రి రామన్న వచ్చాడు. వాళ్ళని లోపలికి పిలిచి కుర్చీలో కూర్చున్నాడు కానీ ముఖం మాత్రం గంభీరంగానే ఉంచాడు. రత్నమాల కొత్త డబ్బా తీసి ముందు పెట్టింది.

"తప్పంతా నాదండి అన్నయ్యగారూ."

రత్నమాల ఎవర్నీ ఊరికే అన్నయ్యగారూ అనదు. ఆ వరస కలిపితే ఆయన కూతురు తన ఇంటికి ఏమవుతుందో ఆమెకి తెలుసు. రామన్నకీ తెలుసు. ఆయన మీసం ఒకసారి కదిలింది.

"నువ్వు కూసో చెల్లె. నేను పిలగానితోని మాట్లాడాలె. ఏం బాబూ, సొంతిల్లున్నదా?"

"లేదండి. కిరాయే. వచ్చే వారం ఎనిమిదో ఇంటికి మారుతున్నాం."

"భూమి?"

"లేదండి."

"మరి నీదని చెప్పుకోనీకి ఏమున్నది?"

ఆదర్శ్ ఆలోచించాడు. "స్కూటర్ ఉందండి. అది కూడా గచ్చిబౌలిలో ఆగిపోయింది."

"మా గిన్నెలున్నాయండి," అంది రత్నమాల. "అన్నిటి మీదా పేర్లున్నాయి."

"పేర్ల సంగతి చూసినం తియ్ చెల్లె," అన్నాడు రామన్న.

ఆదర్శ్‌కి వానకో భయానికో పళ్ళు టకటకమంటున్నాయి. అయినా లేచి నిలబడ్డాడు. "ఆ పాత డబ్బా మీద ఉన్న పేరు నాదేనండి. కొట్టింది షాపతను, కొట్టించింది మా అమ్మ. పొరపాటే. కానీ చూసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. అది చెప్పడానికి ధైర్యం చాలక, సంబంధం లేదన్నాను. అబద్ధమండి. మీ అమ్మాయంటే నాకు ప్రాణం."

"ఈ మాట మొదాలు నన్నడగాలె కదా?"

"మిమ్మల్ని అడగడానికే వచ్చానండి. కానీ ముందు ఆమెని అడగాలి. ఆమె వద్దంటే మిమ్మల్ని అడిగే పనే లేదు."

"అడుగు మరి. ఎవరాపిన్రు?"

ఆ మాటన్నది రామన్న కాదు. గుమ్మం దగ్గర యశస్విని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆదర్శ్ రెండు భాషల్లో అరవై మాటలు తేల్చినవాడు. అవేవీ అప్పుడు పనికిరాలేదు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా యశస్వినీ?" అన్నాడు.

"డబ్బా చూసినప్పుడు నాకు కోపం రాలే, తెలుసా? ఆఫీసుకు వచ్చేటప్పుడు తొవ్వ పొడుగూతా నవ్వుకుంటనే వచ్చిన. కొట్లాడతా, వీడు ఇగ చెప్పక తప్పదు అనుకున్న. నువ్వేమో సంబంధం లేదంటివి. ఆ రోజు మస్తు ఏడ్చిన."

"తప్పైంది. ఇంకెప్పుడూ అనను."

"పెండ్లయినా గూడ నేను ఎవ్వరి సొత్తూ కాదు."

"కాదు."

"కొలువు మానను."

"మానకు."

"టర్కీ పంపిస్తె పోత."

"వెళ్ళు. వీలైతే నన్నూ తీసుకెళ్ళు."

యశస్విని ఇంకేం మాట్లాడకుండా గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. గదిలో ఎక్కడో బీరువా తలుపు చప్పుడైంది. బయట వాన, లోపల నలుగురు.

"ఏమన్నట్టు అది?" గుసగుసగా అడిగింది బుచ్చమ్మ.

"ఏమీ అనలేదండి," అన్నాడు ఆదర్శ్ నీరసంగా.

"అవునన్లే, కాదన్లే. ఇది గూడ ఒక జవాబేనా? రామన్నా, నీ బిడ్డను నువ్వే అడుగు."

"నేనెందుకు అడుగుత? నాతోని మాట్లాడుతలేదు గదా."

"మాట్లాడనిది మీరే కదా అన్నయ్యగారూ, మావాడు చెప్పాడు!" అని రత్నమాల నాలుక కరుచుకుంది.

అంతలో యశస్విని వచ్చింది. చేతిలో ఉన్న పెద్ద తువ్వాలు ఆదర్శ్ మీదికి విసిరింది.

"ముందు తల తుడుచుకో. పెండ్లికి ముందే జెరమొస్తె మీ అమ్మ నన్నే అంటది."

బుచ్చమ్మకి పెండ్లి అన్న సగమే వినపడింది. ఆ సగమే చాలనుకుని గొడుగు కూడా తీసుకోకుండా గల్లీలోకి నడిచింది. "నేనెందుకంటానమ్మా!" అంటూ రత్నమాల కళ్ళు తుడుచుకుంది. రామన్న గొంతు సవరించుకుని, చుట్టాలొచ్చి ఇంతసేపైంది, చాయ్ పెట్టేటోళ్ళు ఎవ్వరూ లేరా ఈ ఇంట్ల అని గట్టిగా కేకేసి, తనే వంటింట్లోకి వెళ్ళాడు.

ఆదర్శ్ తువ్వాలు నెత్తిన కప్పుకుని తల తుడుచుకుంటూనే ఉన్నాడు. జుట్టు ఎప్పుడో ఆరిపోయింది. ముఖం బయట పెడితే ఏడుస్తున్నాడని యశస్వినికి తెలిసిపోతుందని అతని భయం. ఆమె దగ్గరికొచ్చి, తువ్వాలు కొస పైకెత్తి, లోపలికి తొంగి చూసింది.